పుదుచ్చేరిలో పథ్యం

పుదుచ్చేరికి ఎందుకు వెళ్లొచ్చావని అడిగిన వాళ్లందరికీ ఆకుల కోసమని చెప్పాను. అది అబద్ధమేం కాదు. తిరిగి వచ్చేటప్పుడు నా సంచిలో ఎండిన తంగేడు పువ్వు, నేరేడు గింజల పొడి, పొడపత్రి ఆకు ఉన్నాయి. రైల్లో పక్కన కూర్చున్నావిడ ఆ వాసనకు ముక్కు మూసుకుని కిటికీ వైపు జరిగింది కూడా. కానీ నేను అసలు వెళ్లింది మా తమ్ముడు మోహన్ కోసం.

మోహన్ మా పిన్ని కొడుకు. పిన్నిని పుదుచ్చేరి తెలుగువాళ్లింటికి ఇచ్చారు. వాళ్లు అక్కడికి ఎప్పుడు వెళ్లారో వాళ్లకే గుర్తులేదు. మోహన్ అక్కడే పుట్టాడు, అక్కడే సర్కారు వారి నీళ్ల పంపుల దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ చదవడం రాదు. కాబట్టి వాడి గురించి ఏం రాసినా నాకు భయం లేదు.

వాడి భార్య కళావతి ఒకరోజు నెల్లూరికి ఫోన్ చేసింది. “అక్కా, ఆయన మాత్రలన్నీ మానేసినాడు. మా అమ్మ ఇచ్చే పొడి ఒకటే తింటా ఉండాడు. ఒళ్లు కరిగిపోతా ఉంది. నేను చెప్తే వినడు. మా అమ్మతో చెప్పేదానికి లేదు. నువ్వొచ్చి ఏందో చూడక్కా” అంది. ఆ గొంతు విన్నాక సంచి సర్దుకోకుండా ఎలా ఉంటాను?

మోహన్‌కూ నాకూ ఒకటే జబ్బు. నడుము చుట్టుకొలత, బీపీ, చక్కెర, రక్తంలో కొవ్వు అన్నీ కలిసికట్టుగా పెరిగితే దాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారని మా డాక్టరమ్మ చెప్పింది. విడివిడిగా వస్తే ఒక్కొక్కదానికి ఒక్కో పేరు, కలిసొస్తే ఊరేగింపుకు ఇంకో పేరు. నేను ఏళ్ల తరబడి మాత్రలూ వేసుకుంటున్నాను, మెంతులూ కాకరకాయా మునగాకూ తింటున్నాను. ఏం తింటున్నానో డాక్టరమ్మకు చెప్పే తింటున్నాను. ఆకుకూ మాత్రకూ తగువు పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, వాళ్లు ఏ పక్షం వాళ్లయినా సరే. మోహన్‌ను దారిలో పెట్టి వస్తానన్న ధీమాతోనే బయలుదేరాను.

ఇందిరా నగర్: కొత్త తూట్ల బెల్టు

ఇంట్లో అడుగుపెట్టగానే మోహన్ కాళ్లు కడుక్కోమని కూడా అనకుండా చొక్కా పైకెత్తి బెల్టు చూపించాడు. “చూడక్కా, మూడు తూట్లు కొత్తగా కొట్టించినా. మాత్రలు మింగినన్నాళ్లు కరగని పొట్ట ఇప్పుడు ఎట్లా కరిగిందో చూడు” అన్నాడు. పొట్ట నిజంగానే పోయింది. దాంతోపాటు చెంపలూ పోయాయి, మెడ కింద ఎముకలు రెండూ తేలాయి. మాట్లాడుతూ మాట్లాడుతూనే చెంబెడు నీళ్లు తాగి, ఇంకో చెంబు తెమ్మన్నాడు. అది పొట్ట కరగడం కాదు, చక్కెర మనిషిని తినేయడం. ఆ మాట అప్పుడే అనేయాలనిపించినా, వచ్చీరాగానే పోట్లాట ఎందుకని నోరు మూసుకున్నాను.

వాడి ముంజేతికి పసుపు దారం కట్టి ఉంది. కళావతి వాళ్లమ్మ ధనమ్మ బాహూరులో ఉంటుంది. ఆమె ఇచ్చే సుగరు పొడికి ఆ చుట్టుపక్కల పల్లెల్లో మంచి పేరు. తంగేడు పువ్వు, నేరేడు గింజ, పొడపత్రి, నేలవేము, మెంతులు అన్నీ తనే ఏరి, తనే ఎండబెట్టి, తనే దంచుతుంది. మొదటి మోతాదు తూర్పుకు తిప్పి తన చేత్తో నోట్లో వేస్తుంది, చేతికి దారం కడుతుంది. అక్కణ్నుంచి ఒక మండలం రోజులు పథ్యం. మనం హస్తవాసి అంటామే, దాన్ని అక్కడ కైరాశి అంటారు. పొడి సగం పని చేస్తే ధనమ్మ కైరాశి సగం పని చేస్తుందని మోహన్ నాకు చాలాసేపు బోధించాడు.

పథ్యమంటే ఒక్క మనిషి చేసేది కాదు వాళ్లింట్లో. పొయ్యి మొత్తం పథ్యం చేస్తుంది. చింతపండు లేదు, ఎండుచేప లేదు, వంకాయ లేదు. విచిత్రమేమిటంటే కాకరకాయ కూడా లేదు. మన వైపు చక్కెర జబ్బు అనగానే మొదట కాకరకాయే చేతిలో పెడతారు. అక్కడ అది మందును విరిచేస్తుందట. పగలు పెసరపప్పు, మునగాకు వేపుడు, సాయంత్రం కాఫీకి బదులు తంగేడు పూల కషాయం. కషాయం బాగుంది, ఎండిన గడ్డి వాసనతో గొంతులో హాయిగా దిగింది. కానీ నెల్లూరు మనిషికి పులుసు లేకుండా రెండు పూటలు గడవడమంటే చిన్న శిక్షేమీ కాదు.

బీచి రోడ్డు: పచ్చటి గ్లాసులు

మరునాడు తెల్లవారుతూనే మోహన్ నన్ను సముద్రం ఒడ్డుకు నడకకు తీసుకెళ్లాడు. నడిచే జనం ఎంత మందో, వాళ్ల కోసం రసాలు అమ్మేవాళ్లు కూడా ఇంచుమించు అంత మంది. స్టీలు గిన్నెల్లో గరిక రసం, అరటి దూట రసం, బూడిదగుమ్మడి రసం. మా ఊళ్లో గరికను వినాయకుడికి వేసి చేతులు దులుపుకుంటాం, ఇక్కడ గ్లాసు ఇరవై రూపాయలు పెట్టి తాగుతారు. నేనూ ఒకటి తాగాను. వాన పడ్డ మర్నాటి పొలం గట్టు వాసన వచ్చింది గానీ కడుపులో చల్లగా ఉంది.

నా పక్కన నిలబడ్డ పెద్దాయన పోలీసు ఉద్యోగం చేసి దిగిపోయాడట. మూడు రకాల రసాలూ వరసగా తాగి, మూతి తుడుచుకుని, నేరుగా ఎదుటి బండి దగ్గరికి వెళ్లి నూనె కారుతున్న గారెలు పొట్లం కట్టించుకున్నాడు. అదేమిటండీ అని నాకు వచ్చిన అరవంలో అడిగితే, గారెల సంగతి గరిక చూసుకుంటుందిలే అన్నాడు. ఆయన ముఖంలో అనుమానమన్నదే లేదు. ఆ ధైర్యం చూసి నవ్వొచ్చింది, నాకూ రెండు గారెలు కావాలనిపించింది.

మోహన్ మాత్రం నవ్వలేదు. అంత చిన్న నడకలో మాటిమాటికీ మరుగుదొడ్డి కోసం వెతుక్కుంటూ వెళ్లొచ్చాడు. ఒకప్పుడు వాడి అంగలు అందుకోలేక నేను ఆయాసపడేదాన్ని. ఇప్పుడు నేను ముందు నడుస్తుంటే వాడు రాళ్ల మీద కూలబడి, కాళ్లు తిమ్మిరెక్కాయి అన్నాడు. పథ్యంలో ఒళ్లు తేలికపడేటప్పుడు అలాగే ఉంటుందట. నాకు సముద్రం మీద నుంచి చూపు వాడి పాదాల మీదికి పోయింది. పుండూ దెబ్బా ఏమీ లేవని రూఢి చేసుకున్నాకే ఊపిరి పీల్చుకున్నాను.

ఉప్పళం: కాఫీ తగువు

పొద్దెక్కాక కళావతితో ఉప్పళం వెళ్లాను. అక్కడొక నాటు మందుల అంగడి ఉంది, తరాలుగా తెలుగు శెట్టిగారి కుటుంబమే నడుపుతోంది. నేను నోరు విప్పగానే ఆయన “నెల్లూరా? మీ మాట వింటే మా నాయనమ్మ మాట్లాడినట్టే ఉంది” అని ముక్కాలిపీట వేశాడు. గోనెసంచుల నిండా వేర్లు, బెరళ్లు, గింజలు. సుగరు అనగానే ఆయన చేతులు అలవాటుగా తంగేడు వైపు పోయాయి. ఆ ఊళ్లో దానికే గిరాకీ ఎక్కువట.

నేను పొడపత్రి ఎండుదే గానీ పచ్చిది ఎప్పుడూ తినలేదంటే, లోపల్నుంచి రెండాకులు తెచ్చి నమలమన్నాడు. నమిలాను. కొంచెం చేదు, కొంచెం వగరు. సంచి నింపుకుని బయటికొచ్చాక, పథ్యం ఇంట్లోనే గానీ వీధిలో లేదు కదా అని కళావతిని కాఫీ కొట్టుకు లాక్కెళ్లాను. నాకు రోజుకొక్క కాఫీ, ఒక్క చెంచా చక్కెరతో, డాక్టరమ్మ ఒప్పుకున్న లెక్క అది. ఒక గుక్క తాగితే మట్టినీళ్లలా ఉంది. చక్కెర వేయలేదేమయ్యా అన్నాను. వేశానన్నాడు. వేయలేదన్నాను. పోనీలెమ్మని ఇంకో చెంచా వేశాడు. అదీ తీపి లేదు. నీ చక్కెరలో ఏదో కల్తీ ఉంది అని గొంతు పెంచేసరికి పక్కవాళ్లు తలలు తిప్పి చూశారు. కళావతి నా చెయ్యి పట్టుకుని, పచ్చి పొడపత్రి నమిలాక కాసేపటిదాకా తీపి తెలియదక్కా అని మెల్లగా చెప్పింది. అప్పటికి నేను మూడో చెంచా కూడా వేయించుకుని ఉన్నాను. కొట్టతనికి క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన మర్యాదగా తల ఊపి, లోపలికెళ్లి బాగా నవ్వుకుని ఉంటాడు.

అంత నవ్వులోనూ కళావతి ముఖం విప్పారలేదు. తిరిగి వచ్చే దారిలో అసలు సంగతి చెప్పింది. వాళ్ల పెదనాన్న ఒకాయన ఇలాగే ఒళ్లు కరుగుతోందని సంబరపడుతూ ఉండగానే, ఒకరోజు స్పృహ తప్పి పడిపోయి మళ్లీ లేవలేదట. ఆయన ఏ మందూ తినలేదు, అది వేరే కథ. కానీ ఆ చివరి రోజుల ముఖం తనకు గుర్తుందనీ, ఇప్పుడు రోజూ తన ఎదుట కూర్చుని అన్నం తింటున్నది అదే ముఖమనీ చెప్పి ఏడ్చింది. ఇక నెమ్మదిగా నచ్చజెప్పే పని లేదని నాకు అర్థమైంది.

మళ్లీ ఇందిరా నగర్: పందెం

చక్కెర చూసుకునే మీటరు నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. మరునాడు పొద్దున్నే వాడి ఎదుట కూర్చుని నా వేలు గుచ్చుకున్నాను. ముందురోజు మూడు చెంచాల కాఫీ తాగినా నాది పరవాలేదనిపించే అంకె. నీదీ చూద్దాం, పందెం అన్నాను. గెలుస్తానన్న నమ్మకంతోనే వేలు చాచాడు పిచ్చివాడు. మీటరు నాలుగు వందల దరిదాపుల్లో చూపించింది.

వాడు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, “నీ మిషను నెల్లూరిది కదక్కా, ఈ ఊరి సుగరు దానికి తెలీదు” అన్నాడు. నవ్వలేదు నేను. ఇంకో వేలు గుచ్చాను. అంతే వచ్చింది.  ఇప్పటికిప్పుడు ఆస్పత్రికి పదమన్నాను. మండలం మధ్యలో ఉన్నాను, అత్తను అడగకుండా కదలనన్నాడు. కోపం నషాళానికంటింది. సరే, అయితే అత్త దగ్గరికే పద, ఆ తరవాత ఆస్పత్రికి అన్నాను. ముగ్గురం ఆ పూటే బాహూరు బస్సెక్కాం.

బాహూరు: ధనమ్మ చెయ్యి

బస్సులో మోహన్ నా చెవి దగ్గర వంగి బతిమాలాడు. “అక్కా, అత్త ముందర మాత్రల మాట ఎత్తొద్దు. ఆమె చేతి మందు తింటా ఇంకొకటి మింగితే, నీ చెయ్యి నేను నమ్మలేదని ఆమెకు చెప్పినట్టే కదా. మా నాయన పోయినాక నాకు పెద్దదిక్కు ఆమే” అన్నాడు. అప్పుడు గానీ నాకు ముడి ఎక్కడుందో తెలియలేదు. మాత్రలు మానమని వాడికి ఎవరూ చెప్పలేదు. వంకాయ పక్కన, ఎండుచేప పక్కన మాత్రలను కూడా వాడే చేర్చి మానేశాడు, అత్త మీద గౌరవం కొద్దీ. కళావతి తల్లికి చెబితే ఆమె మందును తప్పుపట్టినట్టు, భర్త మీద చాడీ చెప్పినట్టు. ముగ్గురూ మర్యాదస్తులే. ఆ మర్యాదే మనిషిని సగం చేసింది.

చెరువు దాటి వరి మళ్ల మధ్య దిగాం. ధనమ్మ ఇంటి ముందు పాత చీర పరిచి నేరేడు గింజలు ఆరబోస్తోంది. డెబ్బై దాటిన మనిషి, బక్కగా, నిటారుగా ఉంది. నన్ను చూసి “రామ్మా పెద్దబిడ్డా” అని చాప వేసింది. మోహన్ కూర్చోలేదు. అత్త ఎదుట వాడు కూర్చోడట. ఆమె కూడా అల్లుడితో నేరుగా మాట్లాడకుండా, కళావతిని చూస్తూనే ఆయన ఒళ్లు ఎట్లా ఉంది అని అడిగింది. తలెత్తి వాడి ముఖం వైపు చూస్తే గదా తెలిసేది!

నేను నసగలేదు. అమ్మా, మీ అల్లుడు మీ పొడి మొదలుపెట్టిన రోజు నుంచి ఆస్పత్రి మాత్రలు ఒక్కటీ మింగలేదు, చక్కెర ఇంత ఉంది, మీరే చూడండి అని మీటరు ఆమె ముందు పెట్టాను. ఆమెకు అంకె తెలిసింది. ఆ పల్లెలో ఎంతమంది సుగరు మనుషులను చూసి ఉంటుంది!  మొదటిసారి అల్లుడి కళ్లలోకి చూసింది.

“నేను మానమన్నానా?”

“లేదత్తా.”

“మరి యాడ నేర్చినావు ఇది?”

“నీ చెయ్యి మీద నమ్మకం అత్తా” అన్నాడు, నేల చూస్తూ.

 అప్పుడు ఆమె చెప్పిన మాటలు నాకు ఇంకా చెవిలో ఉన్నాయి. “నా దగ్గరికి వచ్చినోళ్లందరినీ ముందు అడుగుతా, ఆస్పత్రిలో ఏం తింటా ఉండావని. అడిగినాకే పొడి ఇస్తా. నువ్వు అల్లుడివి కదా, అడిగితే బాగుండదని నిన్నొక్కడినే అడగలేదు. చెయ్యి నమ్మినోడివి నా దగ్గర ఎందుకు దాచినావు నాయనా?”

మోహన్ ఏడ్చాడు. యాభై రెండేళ్ల మనిషి, వరండా స్తంభం పట్టుకుని. ధనమ్మ లేచి వెళ్లి వాడి ముంజేతి దారం విప్పేసింది. మండలం తెగిపోతుందత్తా అన్నాడు. తెగనీ అంది. కళావతి వైపు చెయ్యి చాచి మాత్రలు ఉండాయా అని అడిగింది. ఉన్నాయి. ఏ క్షణంలో మనసు మార్చుకుంటాడోనని పాపం ఆ పిల్ల రోజూ చేతిసంచిలో పెట్టుకుని తిరుగుతోంది. ధనమ్మ ఏది తిండికి ముందు, ఏది తరవాత అని నన్ను రెండుసార్లు అడిగి తెలుసుకుంది. గంజి తెచ్చి తాగించింది. తరవాత వాణ్ని తూర్పుకు తిప్పి, మాత్రను తన చేత్తో నోట్లో వేసి, నీళ్ల చెంబు అందించింది.

“నా చేత్తో ఇచ్చినా. ఇంక ఇదీ నా మందే” అంది.

ఆ పూట ఆస్పత్రిలో

ధనమ్మ కాళ్లు కడుక్కుని, పొడి డబ్బా చంకన పెట్టుకుని మాతో పాటే బస్సెక్కింది. పట్నంలో ఆస్పత్రి వరసలో మా ముందు నిలబడ్డది కూడా ఆమే. డాక్టరు కుర్రాడు రక్తం, మూత్రం పరీక్ష చేయించి, సెలైన్ పెట్టించి, ఆ రోజుకు మోహన్‌ను అక్కడే ఉంచుకున్నాడు. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉండి ఉంటే ప్రాణం మీదికి వచ్చేదని చెప్పాడు. ధనమ్మ డబ్బా మూత తీసి అందులో ఏమేం ఉన్నాయో, ఎంతెంత ఉన్నాయో ఒక్కొక్కటి చెప్పింది. ఆయన విసుక్కోకుండా విన్నాడు, అందుకు ఆయనకు దండం పెట్టాలి. మెంతులూ మునగాకూ కూరల్లో తినొచ్చు, పొడి మాత్రం ఇప్పుడు వద్దు అన్నాడు. చక్కెర అదుపులోకి వచ్చాక అడిగి వేసుకోవాలట. మాత్రలకు ఈ పొడి తోడైతే చక్కెర మరీ పడిపోయే ప్రమాదమూ ఉందని, అది కూడా తక్కువ ప్రమాదం కాదని చెప్పాడు. ధనమ్మ తల ఊపి డబ్బా మూత పెట్టేసింది. మరి పత్తెం అని అడిగింది. తీపీ నూనే తగ్గించే పథ్యమైతే జన్మంతా చేయమనండి అని నవ్వాడాయన.

ఇదంతా చూశాక నా నమ్మకం ఇంకా గట్టిపడింది. ఆకుల్లో గుణం ఉంది. ఉంది కాబట్టే, తింటున్న సంగతి డాక్టరుకు చెప్పాలి, డాక్టరిచ్చింది ఆకు మందిచ్చే వాళ్లకు చెప్పాలి. ఎవరి ఎదుటా దాచకూడదు. ఈ జబ్బున్న వాళ్లకు నేను చెప్పేది ఇంతే.

బయలుదేరిన పొద్దున

మోహన్ ఇంటికి వచ్చిన మర్నాడు నేను బయలుదేరాను. ముందురోజు కళావతి నా కోసం చింతపండు పోసి చేపల పులుసు పెట్టింది. నేను సిగ్గు లేకుండా మూడుసార్లు వడ్డించుకున్నాను.

ఆ పొద్దున లేచేసరికి వంటింటి గడప దగ్గర ధనమ్మ కూర్చుని ఉంది, పక్కన బట్టల మూట. కూతురి పెళ్లయ్యాక అల్లుడింట్లో ఒక్క రోజు కూడా ఉండని మనిషి ఆమె. పండక్కి వచ్చినా చీకటి పడకముందే బాహూరు బస్సెక్కేసేదట. ఇప్పుడు మాత్రం ఆస్పత్రి నుంచి బాహూరు వెళ్లి, మేకలను పక్కింటి వాళ్లకు అప్పజెప్పి వచ్చేసింది. డాక్టరు మళ్లీ రమ్మన్న రోజు దాకా కదలనంది.

మోహన్ ఇడ్లీ తిని వచ్చి, మాత్ర కోసం కళావతి ముందు చెయ్యి చాచాడు. కళావతి మాత్రను తల్లి చేతిలో పెట్టింది. ధనమ్మ వాణ్ని తూర్పుకు తిరగమంది, నోరు తెరవమంది, వేసింది, నీళ్లిచ్చింది.

“మింగినావా?”

“మింగినా అత్తా.”

“నోరు తెరువు, చూస్తా.”

వీధికంతా నీళ్లు వదిలే ఉద్యోగస్తుడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని డ్యూటీకి బయలుదేరుతున్న మా తమ్ముడు, అత్త ఎదుట మోకాళ్ల మీద కూర్చుని నోరంతా తెరిచి చూపించాడు. ఆమె వాడి గడ్డం పట్టుకుని, వెలుతురు వైపు తిప్పి, ఆ మూలా ఈ మూలా వెతికి మరీ చూసింది. వెనక కళావతి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకోలేక గోడకు జారగిలబడింది.